దెబ్బల లెక్క

సుగుణమ్మ టీచరు పోయినారని పోయిన నెల నెల్లూరు నుంచి ఫోను వచ్చింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. చర్చి పక్కన హాల్లో సంతాప సభ పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. ఆమె దగ్గర ఒకటో తరగతి చదివినవాళ్ళలో అంతదూరం రాగల ఓపిక నాకొక్కదానికే మిగిలింది కాబట్టి కాదనలేకపోయాను. తాటాకు చేపలతో, గవ్వలతో, కేలండరు వెనకవైపు గీసిన బొమ్మల పుస్తకాలతో ఆమె మాకు అంకెలు నేర్పిన సంగతి చెప్పాను. ఒక్క దెబ్బ వేయకుండా ఒక ఊరి పిల్లలందరికీ లెక్క నేర్పిన మనిషి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మనవరాలు కళ్ళు తుడుచుకుంది. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చెప్పకుండా మింగింది మాత్రం చాలా ఉంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, డెబ్బై దాటినదాన్ని, ఇంకా ఎవరికి జడిసి మింగుతున్నాను అనుకున్నాను. అందుకని ఇది రాస్తున్నాను.

మా ఊరు అల్లూరుకి తూర్పున, ఉప్పు పండించే కొటార్లకు ఇవతల. మా నాన్న రాఘవయ్య పంతులు మా ఇంటి అరుగు మీద వీధిబడి నడిపేవాడు. ఆయనకు ముందు మా తాత నడిపాడు. తెల్లవారక ముందే అమ్మ అరుగు అలికేది. ఆ పేడనీళ్ళ వాసన, సముద్రం మీదనుంచి వచ్చే ఉప్పుగాలి కలిసిన వాసనే నాకు ఉదయం అంటే. నాన్న ఏటి ఇసుక జల్లెడపట్టి అరుగు మీద పలచగా పరిచి, అరచేత్తో సదును చేసి, ఒకసారి ముక్కుపొడి పీల్చి కూర్చునేవాడు. ఇంకో వాక్యం పలికే ముందు మళ్ళీ పీల్చేవాడు. పిల్లలు వచ్చి ఇసుకలో వేలితో అంకెలు దిద్దేవాళ్ళు. వేలు సరిగా కదలకపోతే నాన్న ఆ వేలిని తన గుప్పిట్లో పట్టి ఇసుకలో నొక్కి గీయించేవాడు. సాయంత్రం నేను ఇసుక ఎత్తేటప్పుడు అందులో అక్కడక్కడ గోధుమరంగు ఉండలు తగిలేవి. అవి ఎండిన నెత్తురు అని తెలిసేసరికి నాకు వాటి అలవాటు అయిపోయింది.

గోడకుర్చీ, తాడుకి వేలాడదీసే కోదండం, తొడపాశం అన్ని వీధిబళ్ళలోనూ ఉండేవే. లెక్కకు మాత్రం మా నాన్నది సొంత పద్ధతి. తప్పు చెప్పినవాడు చెయ్యి చాపాలి. పడే ప్రతి దెబ్బనూ వాడే గట్టిగా లెక్కపెట్టాలి. "ఒకటీ" అనాలి, బెత్తం పడాలి. "రెండూ" అనాలి, బెత్తం పడాలి. నడుమ ఏడుపు అడ్డంపడి అంకె గొంతులో ఆగితే మళ్ళీ ఒకటి నుంచి. పదికి చేరితే వదిలేవాడు. మా ఊళ్ళో పది దాకా లెక్క రాని మగపిల్లవాడు లేడు. పెద్దవాళ్ళయ్యాక కూడా కొందరు కళ్ళంలో ధాన్యం కొలుస్తూ ఏడూ ఎనిమిదీ దగ్గరకు వచ్చేసరికి తమకు తెలియకుండానే అరచెయ్యి ముడుచుకునేవాళ్ళు. పోలయ్య అనే రైతు కొడుకుకి ఒకసారి చూపుడువేలు విరిగి, వంకరగానే అతుక్కుంది. పోలయ్య గంపెడు దోసకాయలు తెచ్చి మా వాకిట్లో దించి, "వంకరపోతే పోయింది పంతులుగారూ, లెక్క వచ్చింది గదా. అది చాలు," అన్నాడు. నాన్న తల ఊపి దోసకాయలు లోపల పెట్టమన్నాడు. తనది తప్పు అని ఆయనకు చెప్పినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. నేనూ అట్లాగే నేర్చుకున్నాను. ఆ కాసేపు తప్ప మిగిలిన పొద్దంతా ఆయనకు నేనంటే ప్రాణం. సాయంత్రాలు నన్ను భుజాలమీద ఎక్కించుకుని, "కామూ, కామూ" అని ఊరికే పిలుస్తూ కట్ట వెంబడి తిరిగేవాడు. నా పేరు కామాక్షి. ఆ పిలుపు కోసం నేను ఇంకో పది దెబ్బలైనా తినేదాన్నే.

నాకు ఏడో ఏడు నడుస్తుండగా పంచాయతీ సమితివాళ్ళు ఊరి చివర ఒక పాక వేసి బడి పెట్టారు. నెల్లూరు నుంచి సుగుణమ్మ టీచరు వచ్చారు. పాతికేళ్ళుంటాయి. ట్రైనింగు అయిన మనిషి, క్రైస్తవులు. ఒక నల్లగొడుగు, ఒక రేకుపెట్టె, ఒక కత్తెర తప్ప సామానేమీ లేదు. మొదటి నెల ఆమె బడికి ఆరుగురు పిల్లలు వెళ్ళారు. అక్కడ పలకలు లేవట, పిల్లలు నేలమీద కూర్చుని బొమ్మలు చేస్తున్నారట అని ఊళ్ళో నవ్వుకున్నారు. నాన్న నవ్వలేదు. ఒక రాత్రి భోజనాలప్పుడు నాతో అన్నాడు:

"రేపటినుంచి నువ్వు ఆ పాకకు పో. ఆమె ఏం చెప్తాదో చూసి, పొద్దుగూకినాక వచ్చి నాకు చెప్పు."

"మన బడి ఉండగా బిడ్డను ఆడికెందుకు పంపేది?" అంది అమ్మ.

"ఆడ ఏం జరగతా ఉండాదో నాకు తెలియాల గదా. ఇంకెవుర్ని పంపమంటావు?"

అట్లా నేను మా నాన్న పంపగా ఆ బడికి వెళ్ళాను. పాకలో చింతగింజల బంక వాసన. దారానికి వేలాడే తాటాకు చేపలు, కొంగలు, పడవలు. సుగుణమ్మ టీచరు తనే కుట్టిన పుస్తకం ఒకటి ఉండేది. ఒకటో పేజీలో ఒక పడవ, రెండో పేజీలో రెండు గేదెలు, మూడో పేజీలో మూడు తాటిముంజలు, అట్లా పది వరకూ. రంగులన్నీ బొగ్గు, ఇటికపొడి, చిక్కుడాకు రసం. బొమ్మమీద వేలు పెట్టి లెక్కపెట్టమనేవారు. తప్పితే, "సరే, ఇంకోసారి చూద్దామా," అనేవారు. మొదటిరోజు నేను తప్పు చెప్పి చెయ్యి చాపాను. ఆమె ఆ అరచేతిలో ఒక గవ్వ పెట్టి వేళ్ళు మూశారు. ఎందుకో నాకు ఏడుపు ఆగలేదు. సాయంత్రం నాన్నకు అన్నీ చెప్పాను, గవ్వ సంగతి తప్ప.

ఒకరోజు ఏడు చేపలు అల్లి ఇంటికి తెచ్చాను. "చూడు నాన్నా, ఏడు. నేనే చేసినా."

"కూరకు వస్తాయా?" అన్నాడు నాన్న.

"తాటాకువి నాన్నా."

"అయితే పొయ్యిలోకి వస్తాయి," అని అమ్మ చేతికిచ్చాడు. అమ్మ వాటిని ఒక్కొక్కటిగా పొయ్యిలో పెడుతుంటే ఆయన నా చేత లెక్కపెట్టించాడు. నేను తప్పు లేకుండా చెప్పాను. "చూసినావా, మన లెక్కే నిలబడింది," అని మురిసిపోయాడు.

కోతలయ్యేసరికి అరుగు మీద పిల్లలు పలచబడ్డారు. ఆడపిల్లలు, తర్వాత చిన్నవాళ్ళు ఒక్కొక్కరే పాకకు మళ్ళారు. ఒక మధ్యాహ్నం నాన్న ఆ పాక చూరు కింద నిలబడి అందరికీ వినపడేట్టు అన్నాడు: "బిడ్డల్ని ఆడిచ్చేదానికి సర్కారోళ్ళు కూడు పెడతా ఉండారా అమ్మా నీకు? మా కాలంలో ఈ పని ఆయాలు చేసేవోళ్ళు."

"లోపలికి రండి పంతులుగారూ, కూర్చుని చూడండి," అన్నారు టీచరు.

"నీ మాదిరి నేలమీద చతికిలబడి బొమ్మలు చేసే రాత నాకింకా పట్టలా," అని వెళ్ళిపోయాడు. పిల్లలు కొందరు నవ్వారు. టీచరు కూడా నవ్వు మొహంతోనే ఉన్నారు, కానీ చేతిలోని కత్తెర తాటాకును అడ్డదిడ్డంగా కోసుకుపోయింది. ఆ వారమే ఆమెకు సమితి ఆఫీసునుంచి కాగితం వచ్చింది. పిల్లల సంఖ్య ముప్పైకి చేరకపోతే బడిని ఇంకో ఊరికి మార్చేస్తామని. ఈ మాట ఆమె తను అద్దెకున్న ఇంటావిడతో చెబుతుండగా నేను విన్నాను, నాన్నకు చేరవేశాను. నాన్న రెండు చిటికెల ముక్కుపొడి పీల్చి, ఆ రోజు నన్ను చాలాసేపు భుజాలమీద తిప్పాడు. మా అరుగు మీద అప్పటికి ఇరవైముగ్గురు మిగిలి ఉన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు టీచరు మా అందరికీ తలా పది కాగితాలు కుట్టి ఇచ్చి, ఎవరి లెక్కల పుస్తకం వాళ్ళు వెయ్యమన్నారు. "మీ ఇంట్లో మీకు బాగా తెలిసినవే వెయ్యండి. చూసి వేసేది వద్దు," అన్నారు. పిల్లలు కోళ్ళు వేశారు, కుండలు వేశారు. నాకు బాగా తెలిసినవి నేనూ వేశాను. ఒకటో పేజీలో మా నాన్న. రెండులో రెండు బెత్తాలు, ఎండకాలానిది ఒకటి, వానకాలానిది ఒకటి. మూడులో గోడకుర్చీ వేసిన ముగ్గురు. నాలుగులో కోదండం తాడుకి నాలుగు ముడులు. అయిదులో వాచిన చెయ్యి, అయిదు వేళ్ళూ, అందులో ఒకటి వంకర. అట్లా సాగి, పదో పేజీలో ఒక అరచెయ్యి, దానిమీద ఇటికపొడితో పది గీతలు. ఎవరిమీదా కోపంతో వెయ్యలేదు. కోడి వేసినవాడు కోడిని ఎంత ఇష్టంగా వేశాడో నేనూ అంతే ఇష్టంగా వేశాను. నాన్న మీసాలు బాగా కుదిరినాయని పొంగిపోయాను.

టీచరు ఆ పుస్తకాన్ని మొదటిసారి గబగబా తిప్పారు. తర్వాత గడప దగ్గర వెలుతురులోకి పోయి నిలబడి మళ్ళీ మొదటినుంచి చూశారు. వచ్చి నా తల నిమిరి, "చాలా బాగా వేసినావు కామాక్షీ. ఒకటో పేజీలో ఉన్న మనిషిని బంకమట్టితో కూడా చేస్తావా? పెద్దది?" అని అడిగారు. చేస్తానన్నాను. మూడు రోజులు చేశాను. ముక్కుపొడి డబ్బీతో సహా. ఈసారి ఇంట్లో చెప్పవద్దనీ, నాన్నను ఆశ్చర్యపరుద్దామనీ అన్నారు. నేను వార్త మోయకుండా ఉన్నది ఆ మూడు రోజులే.

ఇన్స్పెక్టరుగారూ సమితి ప్రెసిడెంటుగారూ వచ్చే రోజున పాక ముందు పందిరి వేసి పిల్లల బొమ్మలన్నీ బల్లలమీద పేర్చారు. ముందురోజు సుగుణమ్మ టీచరు మా ఇంటికే వచ్చి గడప బయట నిలబడి పిలిచారు. "పంతులుగారూ, మీ అమ్మాయి చేసిందే అన్నిటికంటే ముందు పెట్టినాను. మీరు తప్పకుండా రావాల." నాన్న ముక్కుపొడి డబ్బీ తీసుకుని లోపలికి పోయాడు. కానీ మర్నాడు చాకిరేవునుంచి వచ్చిన పంచె కట్టి, పైపంచె వేసుకుని వచ్చాడు. ఎంత కాదనుకున్నా కూతురి బొమ్మ ముందుపెట్టారంటే ఏ తండ్రికైనా ఉండే ఆశే అది. అమ్మ కూడా వచ్చింది. ఊరంతా వచ్చింది. నేను బల్ల పక్కన కొత్త రిబ్బను కట్టుకుని నిలబడ్డాను.

నాన్న ముందు మట్టిబొమ్మను చూశాడు. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత పుస్తకం తీసుకుని, వేలు తడి చేసుకుని ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఆయన భుజం మీదనుంచి చూసిన ఆడవాళ్ళలో ఒకామె, "అమ్మో, పంతులే! డబ్బీ చూడు, డబ్బీ!" అని నవ్వింది. నవ్వు పాకిపోయింది. అయిదో పేజీ దగ్గర పోలయ్య వంగి ఆ వంకరవేలు చూశాడు. ఆయన నవ్వలేదు. పక్కనున్న కొడుకు చెయ్యి ఎత్తి, ఆ వేలిని బొమ్మ పక్కన పెట్టి చూశాడు. అప్పుడు నవ్వు ఆగింది. ఆగిన చోట, వెనకనుంచి, మా అరుగు మీది పిల్లలే ఎవరో సన్నగా "ఒకటీ" అన్నారు. ఇంకెవరో "రెండూ" అన్నారు. మూడు దగ్గర పదిమంది కలిశారు. అయిదు దగ్గర పెద్దవాళ్ళు, మీసాలొచ్చినవాళ్ళు, నాన్న దగ్గర ఎప్పుడో లెక్క నేర్చినవాళ్ళు అందుకున్నారు. ఒక్కొక్క అంకెకూ పందిరి అదిరింది. నాన్న కదలలేదు. చేతిలో పుస్తకం పట్టుకుని, కళ్ళు ఎక్కడో పెట్టి, పది దాకా నిలబడ్డాడు. నాకు అది ఆట అనిపించింది. ఎనిమిది దగ్గర నేను కూడా గొంతు కలిపాను. ఆయన తల తిప్పి నన్ను చూసింది అప్పుడే. పది అయ్యాక పుస్తకం జాగ్రత్తగా బల్లమీద పెట్టి, పైపంచె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇన్స్పెక్టరుగారు ఏదో రాసుకున్నారు. సుగుణమ్మ టీచరు తలెత్తకుండా బల్లమీది గవ్వలు సర్దుతున్నారు.

మర్నాడు అరుగు మీదికి ఎవరూ రాలేదు. నాన్న ఇసుక పరిచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. మూడో రోజు ఇసుక ఎత్తి వీధిలో పోశాడు. నన్ను కొడతాడని ఎదురుచూశాను. కొట్టి ఉంటే ఆ రోజుతో పోయేది. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. వారం కాదు, నెల కాదు. పదకొండేళ్ళు. నేను ఎదురుగా ఉన్నా "దాన్ని నీళ్ళు తెమ్మను" అని అమ్మతో చెప్పేవాడు. అమ్మ లేకపోతే దాహంతోనే ఉండేవాడు. ఉప్పుకొటార్లలో బస్తాలకు గుర్తులు పెట్టే పని దొరికింది. అక్కడి మేస్త్రీ ఆయన పాత శిష్యుడే. "ఏం పంతులూ, బస్తాలు తగ్గినట్టుండాయే. మళ్ళా ఒకటి నుంచి చెప్పు. గట్టిగా!" అని ఎండలో నిలబెట్టి చెప్పించేవాడు. ఉప్పు మోసే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. అన్నం తీసుకుపోయేది నేనే. అమ్మ కావాలనే నన్ను పంపేది. "నువ్వు చేసిన బొమ్మ ఎట్టా నిలబడి ఉండాదో రోజూ చూసి రా," అనేది. నాన్న నా చేతిలోనుంచి క్యారియరు అందుకునేవాడు కాదు. నేను కింద పెట్టి పక్కకు జరిగితే అప్పుడు తీసుకునేవాడు.

సుగుణమ్మ టీచరు బడి నిలబడింది. ఆమె నన్ను ప్రత్యేకంగా చూసుకున్నారు. హైస్కూలుకి పంపించారు, ట్రైనింగులో సీటుకి ఆమే తిరిగారు. చేరే ముందురోజు ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు అట్లా అవుతుందని మీకు తెలుసా టీచర్?"

ఆమె తడుముకోలేదు. "తెలుసు. మీ అరుగు మీద ఇరవైముగ్గురు బిడ్డలుండారు. రోజూ వాళ్ళ ఏడుపు నాకు పాకలోకి వినపడేది. ఇటు నువ్వు ఒక్కదానివి. నాకు లెక్క వచ్చు కామాక్షీ."

ఆ జవాబును ఎన్ని విధాలుగా కొట్టి చూసినా తప్పు దొరకలేదు. ఆ ఇరవైముగ్గురిలో ఇద్దరు ఇంజనీర్లయ్యారు. వాళ్ళ మనవళ్ళు ఈరోజు రంగురంగుల ప్లాస్టిక్ పూసలతో లెక్క నేర్చుకుంటున్నారు. పిల్లవాడిమీద చెయ్యి ఎత్తితే టీచరు ఉద్యోగం పోతుంది. ఉప్పుకొటార్లున్న చోట చాలామటుకు రొయ్యల గుంటలు వచ్చాయి. అప్పటికంటే ఇప్పుడే నయం అని చెప్పడానికి నాకేమీ అడ్డు లేదు. నయమే. ఆ నయానికి ఏడేళ్ళ పిల్లను వాడుకున్నారని నాకు తెలుసు, అంతే. మా నాన్న చేతిదెబ్బలు వానాకాలానికి మానిపోయేవి. టీచరు నా తల నిమిరిన చోట ఏదో ఇంకా మానలేదు. అయినా సభలో ఆమె గురించి చెప్పిన ప్రతి మాటా మనసారా అన్నదే. రెండూ నిజమే, వాటిని కలపడం నాకు చేతకావడం లేదు.

ట్రైనింగు అయ్యాక కొడవలూరు వైపు ఒక పల్లెలో ఒకటో తరగతికి నన్ను వేశారు. అట్టముక్కలు కోసి, బొమ్మల పుస్తకం కుట్టుకుని, తాటాకులు పట్టుకుని వెళ్ళాను. మొదటి వారంలోనే ఒక ఆడపిల్ల. అయిదేళ్ళుంటాయి. ఏడు తర్వాత తొమ్మిది అంటుంది. గవ్వలు పెట్టి చూపించాను, తొమ్మిది అంది. బొమ్మలు చూపించాను, తొమ్మిది అంది. నా చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు. రెండు దెబ్బలు వీపుమీద పడ్డాయి. తరగతి అంతా చప్పున సద్దుమణిగింది. ముప్పైమంది పిల్లల ఊపిరి నా చేతిలో ఉన్నట్టయింది. అది నాకు బాగుంది. బాగుందనే రాయాలి, మరో మాట లేదు.

శనివారం సాయంత్రం ఇల్లు చేరాను. నాన్న అరుగుమీద నులకమంచంలో ఉన్నాడు. ఉప్పు తళుకుకు అప్పటికే ఆయన కళ్ళు సగం పోయాయి. అమ్మ నన్ను చూసి, "ఏందే, మొహం అట్లుండాది?" అంది.

"ఒక బిడ్డను కొట్టినాను మా," అన్నాను.

మంచం కిర్రుమంది. "కామూ," అన్నాడు నాన్న. "ఇట్రా."

పదకొండేళ్ళ తర్వాత. పోయి మంచం పక్కన నిలబడ్డాను.

"ఎన్ని కొట్టినావు?"

"రెండు నాన్నా."

"లెక్క బిడ్డ చేతనే పెట్టించినావా?"

"లేదు."

"పెట్టించాల. లేకపోతే గుర్తుండదు," అని, చేత్తో తడిమి మంచంలో నాకు చోటు చేశాడు. "కూర్చో. ఏమే, దానికీ నాకూ ఇక్కడే పెట్టు." అమ్మ రెండు కంచాలు తెచ్చింది. ఆయన బడి గురించి, పిల్లల గురించి, వాళ్ళను ఎట్లా కూర్చోబెట్టాలో ఏ చేత్తో కొడితే మనకు నొప్పి పుట్టదో చెబుతూనే ఉన్నాడు. నేను ఊకొడుతూ తిన్నాను. మారు అడిగి పెట్టించుకుని తిన్నాను. నా జీవితంలో అంత సంతోషంగా అన్నం తిన్నరోజు ఇంకొకటి లేదు. చెయ్యి కడుక్కుంటూ ఆ పిల్ల పేరేమిటా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. మొదటి వారమే కదా, నాకింకా పేర్లు రాలేదు.